బుంగమొక్కలకి సున్నం

మంచు పోయి 14వ రోజు

ఈ ఉదయం సన్యాసి కుడిచెయ్యి విరగ్గొట్టారు. మా అన్న పోలినాయుడు రోకలి తీసుకుని రెండు దెబ్బలు వేశాడు, మూడోది అక్కర్లేకపోయింది. ఎముక విరిగిన చప్పుడు మొదటి వరస దగ్గరున్న నాకు కూడా వినిపించింది. ఈ పుస్తకం మొక్కల కోసం పెట్టింది, మనుషుల ఎముకల కోసం కాదు. కానీ కొట్టింది మొక్కల పేరు చెప్పి కాబట్టి ఇందులోనే రాస్తున్నాను.

సన్యాసి ఎర్రమెట్ట మనిషి. అక్కడ తాగేనీళ్ళిచ్చే బుంగమొక్కలు అతను చూస్తాడు, మా మంచుమెట్ట మీదవి నేను చూస్తాను. ఇరవై రెండేళ్ళుగా, మంచు పోయిన రెండో వారంలో తాళ్ళ వంతెన దాటి ఒక బుట్ట మట్టి తెస్తాడు, మా మట్టి ఒక బుట్ట పట్టుకుపోతాడు. బుంగమొక్క వేరు తలవెంట్రుక కంటే సన్నం. ఆ వేరుకి సొంతంగా తినడం రాదు, లోపల కాపురం పెట్టిన బూజు తినిపించాలి. ఎప్పుడూ ఒకే మెట్ట మీద ఉంటే ఆ బూజు నీరసిస్తుంది. అందుకే ఈ మట్టి మార్పిడి. ఈసారి అతను వచ్చేసరికి మా మొక్కలు ఆకులు రాల్చేస్తున్నాయి. మావాళ్ళకి కావలసిన కారణం బుట్టతో సహా నడిచొచ్చింది. పోయినేడు తెచ్చిన మట్టిలో విషం కలిపాడు, మిగిలిన పని పూర్తి చెయ్యడానికి మళ్ళీ వచ్చాడు అన్నారు.

తీర్పు కూడా అక్కడికక్కడే అయిపోయింది. బుంగమొక్కల్ని చంపినవాళ్ళని కిందకి దించుతాం. నడుముకి తాడు కట్టి, మెట్ట అంచు మీంచి, ఎండలోకి. కింద ఊళ్ళుండేవని మా తాత చెప్పేవాడు. ఇప్పుడు పొద్దున్న దించిన మనిషి మధ్యాహ్నానికి ఉడికిపోతాడు. సన్యాసిని 30వ రోజున దించుతారట. అంతవరకూ సామాన్ల కొట్లో పడేశారు.

16వ రోజు

పనులు. తెల్లారగానే బుంగలకి గొట్టాలు గుచ్చాను. మంచు ఉన్నన్నాళ్ళూ మొక్క మొదట్లో ఉన్న బుంగ తాగి ఊరుతుంది, మంచు పోయాక మనకి పోస్తుంది. మామూలుగా మొక్కకి ఒక చెంబు. ఈరోజు మొదటి ఎనిమిది వరసల్లో అరచెంబు రావడం కూడా గగనమైపోయింది. తొమ్మిదో వరస మాత్రం నిండు చెంబు ఇచ్చింది. తొమ్మిది వరసలు, వరసకి వంద మొక్కలు, తాగే నోళ్ళు రెండొందల అరవై. వాన రావడానికి ఇంకా మూడు నెలలుంది.

తర్వాత పూలు. పొడుగ్గా వేలాడే ఎర్ర గొట్టాల్లాంటి పూలు. వీటి పుప్పొడి తిత్తులు పగలవు. కొసన చిన్న కన్నాలుంటాయి, వాటిలోంచి జారాలి. పూర్వం ఏదో పురుగు రెక్కలు గుయ్యిమనిపిస్తే పుప్పొడి జారేదట. ఇప్పుడు ఆ పురుగు నేనే. ఇత్తడి పళ్ళేన్ని చెంచాతో కొట్టి, మోగుతుండగా పువ్వు దగ్గర పెడతాను. పుప్పొడి దారాలు దారాలుగా వస్తుంది. యాభై ఏళ్ళ ఆడమనిషి పొద్దస్తమానం పళ్ళెం కొట్టుకుంటూ తిరిగితే పిల్లలు నవ్వుతారు. ఈమధ్య నవ్వడం లేదు.

జబ్బు ఎలా ఉందో రాయాలి. ముదురాకులు బాగానే ఉన్నాయి. కొత్తాకులు పసుపు రంగులో వస్తున్నాయి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉంటున్నాయి. నాలుగు రోజులకి అంచులు మాడుతున్నాయి, తర్వాత ఆకు రాలుతోంది. ఎనిమిది వరసల్లో ఒకటే తీరు.

మధ్యాహ్నం సన్యాసికి జావ పట్టుకెళ్ళాను. వెదురుబద్దలు పెట్టి చెయ్యి కట్టాను. కడుతున్నంతసేపూ పళ్ళు బిగపట్టి ఊరుకున్నాడు, కట్టడం అయ్యాక అడిగాడు.

"దాలమ్మా, మొక్కల మొదట్లో ఆ తెల్లపట్టీలేటి?"

"మెట్టెక్కిన పండక్కి సున్నం, ఎర్రజాజూ వేశాం. నీకెందుకు?"

"ఎవులెయ్యమన్నారు?"

"నేనే వెయ్యమన్నాను. చీమలు పడుతున్నాయి. ఆపైన అందంగా కూడా ఉంటుంది."

అతను గోడకి ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు. "మట్టి నాలిక మీద ఏసుకున్నావా?" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. జావ చెంబు అక్కడే పెట్టి వచ్చేశాను. నా మొక్కల మట్టి రుచి చూడమని ఎర్రమెట్ట మనిషి నాకు చెప్పాలా.

17వ రోజు

మట్టి రుచి చూడలేదు. పనులతో తీరిక లేదు.

అది అబద్ధం. ఈ పుస్తకంలో అబద్ధం రాయనని మా అమ్మకి మాటిచ్చాను. తీరిక ఉంది. బుంగమొక్క మట్టి పుల్లగా ఉండాలి, నాలిక కొసకి చురుక్కుమనాలి. వారానికోసారి రుచి చూడడం మా వంశంలో ఉన్న పని. పండగైన దగ్గర్నుంచి నేను మొదటి ఎనిమిది వరసల్లో మట్టి నోట పెట్టలేదు. గౌరవించాలనుకున్న దేనికైనా సున్నం, జాజూ పట్టీలు వెయ్యడం మా అలవాటు. గడపలకీ, రోళ్ళకీ, చచ్చినవాళ్ళ రాళ్ళకీ వేస్తాం. మొక్కలకి ఎప్పుడూ వెయ్యలేదు, అంత సున్నం ఉండేది కాదు. ఈ ఏడు నత్తగుల్లలు గుట్టగా దొరికాయి, కాల్చాం. పట్టీలు వెయ్యగా మిగిలిన సున్నపు నీళ్ళు చీమలకని మొదళ్ళలో పోయించాను. తొమ్మిదో వరసకి వచ్చేసరికి తొట్టి ఖాళీ అయింది.

ఇంతకంటే రాయడానికి నాకు ధైర్యం చాలడం లేదు.

19వ రోజు

మావాళ్ళు నలభై మంది తెల్లవారుతూనే ఎర్రమెట్ట మీద పడ్డారు. నాకు తెలియదని రాస్తే మళ్ళీ అబద్ధమవుతుంది. నిన్న గొడ్డళ్ళు నూరుతుంటే విన్నాను. పళ్ళెం కొంచెం గట్టిగా కొట్టుకున్నాను.

ఎండెక్కేసరికి తిరిగొచ్చారు. అక్కడి మొక్కలు మూడొందల పైగా నరికేశారట. బుంగలు పగిలి నీళ్ళు రాళ్ళ మీద పారుతుంటే ఎర్రమెట్ట ఆడవాళ్ళు చీరకొంగులతో ఒత్తి కుండల్లోకి పిండుకున్నారట. ఒక ముసలాడు మొక్కని కావిలించుకుని వదలకపోతే, మొక్కతోపాటే నరికారు. ఇది చెప్పినవాడు నవ్వుతూ చెప్పాడు. అతని గొడ్డలి కర్రకి తెల్లవెంట్రుకలు అంటుకుని ఉన్నాయి. వాళ్ళవైపు నలుగురు చచ్చారు. అందులో ఒకడు సన్యాసి తమ్ముడు.

మావైపు ఒక్కడే. మా అన్న కొడుకు అప్పలరాజు. ఇరవై నాలుగేళ్ళు. వంతెన మొదట్లో ఎవరో కొడవలి విసిరితే మెడలో దిగింది. అన్న భుజాన వేసుకుని మోసుకొచ్చాడు. మెడ దగ్గర చెయ్యి అదిమిపెట్టి ఉంచాడు, ఇంకా ఆపడానికి ఏదో మిగిలున్నట్టు. మా వదిన నీలమ్మ ఏడవలేదు. కొడుకు తల ఒళ్ళో పెట్టుకుని, జుట్టులో ఇరుక్కున్న ఆకుముక్కలు ఒక్కొక్కటే తీసింది.

సన్యాసికి తమ్ముడి సంగతి నేనే చెప్పాను. విన్నాక "నువ్వు మట్టి నోట్లో ఎట్టుకోలేదు" అన్నాడు. అడగలేదు, చెప్పాడు.

20వ రోజు

పెట్టుకున్నాను.

మొదటి వరస మట్టిలో పులుపు లేదు. తాంబూలంలో సున్నం ఎక్కువైనట్టు నాలిక పొక్కింది. రెండోది, మూడోది, ఎనిమిదోది అన్నీ అంతే. తొమ్మిదో వరస మట్టి చింతకాయలా పుల్లగా ఉంది.

మట్టిలో సున్నం కలిస్తే ఇనుము ఉన్నా వేరుకి అందదు, బూజు చస్తుంది. ఇది నాకు పదేళ్ళప్పుడే మా అమ్మ నేర్పింది. తెలిసీ చేశానా? లేదు. అందంగా ఉంటుందనుకున్నాను. అంతే. ఆ అందానికి ఐదుగురు చచ్చారు. నాలుగు రోజుల ముందు నోట్లో చిటికెడు మట్టి వేసుకుని ఉంటే అప్పలరాజు ఈపాటికి తిండి దగ్గర నాతో గొడవపడుతుండేవాడు.

జబ్బు మొక్కలు మూడు తవ్వి, వేళ్ళు కడిగి, తొమ్మిదో వరస మట్టితో తొట్లలో పెట్టాను. చింతపండు పిసికి, తుప్పుమేకులు నానబెట్టిన నీళ్ళు పోస్తున్నాను. కొత్తాకు ఆకుపచ్చగా వస్తే తప్పు సున్నానిదని రుజువు. బుంగమొక్క మహా నిదానం, నెలైనా పడుతుంది. నాకున్నది పదిరోజులు.

24వ రోజు

ఒక తొట్లో మొక్క చచ్చింది. మిగతా రెంటిలో చిగురు లేదు. ఇక ఆగడం అనవసరమని అన్న దగ్గరికి వెళ్ళి అంతా చెప్పేశాను. సున్నం అన్నాను, నేనే అన్నాను, సన్యాసిని వదిలెయ్ అన్నాను.

అన్న గొడ్డలికి నూనె రాస్తున్నాడు.

"సున్నవైతే నా కొడుకేల సచ్చినట్టు?"

"ఊరికేనే అన్నియ్యా" అన్నాను. అంతకంటే మంచి మాట వెతుక్కుని ఉండాల్సింది.

పిడికిలితో నోటి మీద కొట్టాడు. ముందుపన్ను ఒకటి ఊడి నాలిక కిందకి పోయింది. జుట్టు పట్టుకుని గుమ్మం దాకా ఈడ్చాడు. "ఊరికేనే సావలేదు నా కొడుకు. ఆ మాట ఇంకోపాలి అంటే నిన్నూ దించేస్తాను, సెల్లివని సూడను" అన్నాడు. నీలమ్మ పొయ్యి దగ్గర్నుంచి లేవలేదు. వినాల్సిందంతా వింది.

తర్వాత బయటకొచ్చి అందర్నీ పిలిచాడు. సున్నం ఏమీ చెయ్యదని నిరూపిస్తాడట. ఎల్లుండి తొమ్మిదో వరసకి కూడా పట్టీలు వేసి, సున్నపు నీళ్ళు పోయిస్తాడట. కొడుకు పేరు మీద.

26వ రోజు

ఈ అక్షరాలు ఎడమచేత్తో రాస్తున్నాను. కుడిచేతి వేళ్ళు తొక్కేశారు.

పొద్దున్న తొట్టి నిండా సున్నం కలిపారు, ఇంకా కుతకుతలాడుతోంది. ఊరంతా వచ్చింది. అన్న కుంచె ముంచి మొదటి మొక్క దగ్గర వంగాడు. నేను వెళ్ళి మొక్కకీ అతనికీ మధ్య కూర్చున్నాను. కాలితో తన్నాడు. మళ్ళీ వచ్చి కూర్చున్నాను. ఈ వంద మొక్కలు పోతే రెండొందల అరవై మందీ పోయినట్టేనని అరిచాను. ఎవరో రాయి విసిరారు, చెవి తెగింది. అన్న నా జుట్టు పట్టి లేపాడు.

చెయ్యి జారిందని రాయొచ్చు. జారలేదు. తొట్లో చెంబు ముంచి, ఆ సున్నం అతని కళ్ళకి గురిచూసి కొట్టాను. నా చిన్నప్పుడు నన్ను వీపున మోసుకుని మెట్లెక్కిన మనిషి. అతను అరిచిన అరుపు మనిషి అరుపులా లేదు. అతను కిందపడి ముఖం మట్టికేసి రుద్దుకుంటుంటే నేను తొట్టిని అంచు దాకా తోసి లోయలోకి దొర్లించేశాను. అప్పుడు నా మీద పడ్డారు. రెండు పక్కటెముకలు విరిగాయనుకుంటాను, ఊపిరి తీస్తే తెలుస్తోంది. నీలమ్మ నూనె సీసా పట్టుకుని పరిగెత్తుకొచ్చి మొగుడి కళ్ళలో పోసింది. పోస్తూనే, నన్ను తొక్కుతున్నవాళ్ళతో ఒకే మాట అంది.

"ఆగండి. దాన్ని సంపేస్తే నిజవేటో ఎవుల్నడుగుతారు?"

నన్నూ సన్యాసి ఉన్న కొట్లోనే పడేశారు. అతను ఒక చేత్తో నా ముఖం తుడిచాడు. "ఏటి సేసినావే" అన్నాడు. చెప్పాను. తర్వాత, "తొమ్మిదో వరస మిగిలిందా?" అని అడిగాడు. మిగిలిందన్నాను. తమ్ముణ్ణి పోగొట్టుకున్న మనిషి ఆ మాటకి హమ్మయ్య అనుకున్నాడు. మొక్కలు చూసేవాళ్ళ బుద్ధి ఇంతే.

29వ రోజు

పెద్దలు కూర్చున్నారు. అన్నకి రెండు కళ్ళూ పోయాయి, అయినా మాట అతనిదే. రేపు ఒకరిని దించాలి. మట్టిలో విషముంటే సన్యాసిని. సున్నం వల్లైతే మొక్కల్ని చంపింది నేను కాబట్టి నన్ను. కళ్ళు పోగొట్టినదానికి విడిగా శిక్ష అక్కర్లేదని అన్నే అన్నాడట, అది అన్నాచెల్లెళ్ళ గొడవట. తొట్లో మొక్క ఏం చెబితే అదే తీర్పు. రెండో తొట్టి కూడా చచ్చింది. మూడోదానికి నిన్న చిగురు పగిలింది.

మధ్యాహ్నం నన్ను అన్న ఇంటికి తీసుకెళ్ళారు. కళ్ళకి గుడ్డ కట్టుకుని మంచం మీద కూర్చున్నాడు. నీలమ్మ తొట్టి ఒళ్ళో పెట్టుకుని పక్కన కూర్చుంది. మిగతావాళ్ళు బయట వాకిట్లో ఉన్నారు. ఆకు వేలిగోరంత ఉంది. వంగి చూస్తేనే కనిపిస్తుంది.

"ఇన్నేళ్ళూ మొక్క సంగతి నీ మాటే మాకు మాట" అన్నాడు అన్న. "సూసి సెప్పు. ఏ రంగున్నాది?"

వంగి చూశాను. ఈ పుస్తకంలో అబద్ధం రాయను కాబట్టి రాస్తున్నాను. ఆకు పసుపు రంగులో ఉంది. ఈనెలు మాత్రమే ఆకుపచ్చగా ఉన్నాయి. అచ్చం జబ్బు ఆకులా ఉంది. నేను చెప్పింది తప్పై కాదు, పది రోజులు చాలక. ఇంకో ఇరవై రోజులుంటే ఇదే ఆకు నా తరఫున మాట్లాడేది. ఇది నాకు నా ఒంట్లో నెత్తురంత నిజం. కానీ ఈరోజు ఈ ఆకు సన్యాసిని చంపమంటోంది, మళ్ళీ సున్నం కాల్చి తొమ్మిదో వరసకి పుయ్యమంటోంది, నన్ను మాత్రం బతకమంటోంది. బతకాలని చాలా ఉంది. ఇదీ రాస్తున్నాను.

"ఆకుపచ్చగా ఉంది అన్నియ్యా" అన్నాను.

అన్న చెయ్యి చాచి, తడుముకుంటూ ఆకు మీద వేలు పెట్టాడు. వేలికి రంగు తెలియదు. "నీలమ్మా, నువ్వు సెప్పు" అన్నాడు.

నీలమ్మ నావైపు చూసింది. తర్వాత ఆకువైపు చూసింది. ఆమె ఔనంటే కొడుకు ఊరికేనే చచ్చినట్టు. కాదంటే చాలు, కొడుకు ఊరి కోసం చచ్చినవాడవుతాడు, మొగుడి కళ్ళు పోగొట్టిన ఆడపడుచు కళ్ళముందే అబద్ధాలకోరవుతుంది. కాదనడమే నిజం కూడా.

"ఆకుపచ్చే" అంది.

అన్న ఆకు మీంచి వేలు తీశాడు. కళ్ళకి కట్టిన గుడ్డ కింద నుంచి కన్నీరో, చీమునెత్తురో కారింది. "సన్నేసిని వొంతెన దాటించీండి" అన్నాడు.

30వ రోజు

సన్యాసి పొద్దున్నే వెళ్ళిపోయాడు. ఆకు సంగతి అతనికి చెప్పలేదు. చెబితే వెళ్ళడు, ఆ మొండితనం నాకు తెలుసు. "ఎల్తాను దాలమ్మా" అన్నాడు. "ఎల్లు బావా" అన్నాను. ఇరవై రెండేళ్ళలో అతన్ని బావా అని పిలిచింది ఇదే మొదటిసారి, అదీ అతని మాటతీరులోనే.

తాడు సిద్ధం చేస్తున్నారు. నాకు భయంగా ఉంది.

నీలమ్మ వచ్చింది. తలుపు దగ్గర కూర్చుని, నా ముఖం చూడకుండా అడిగింది.

"చింతపండు నీళ్ళు ఎన్నాళ్ళు పొయ్యాల?"

"నెల. రోజూ అరచెంబు. ముందు సున్నపు మట్టంతా తోడేసి, తొమ్మిదో వరస మట్టి పొయ్యండి."

"నెలకి ఆకుపచ్చకొస్తాదా?"

"వస్తుంది వదినా."

"నా కొడుకు ఒట్టిపున్నేనికి సచ్చినాడని నా నోటితో ఒప్పుకున్నాను. నువ్వెలిపోతావు. అది అలగే ఉండిపోతే నానేటి సెయ్యాల?"

"మట్టి నాలిక మీద వేసుకో. పుల్లగా ఉంటే భయం లేదు. ఆకు దాని వెనకే వస్తుంది."

ఆమె తలూపింది. నా చేతిలో పుస్తకం కోసం చెయ్యి చాచింది. ఈ వాక్యం పూర్తి చేసి ఇచ్చేస్తాను.

మంచు పోయి 53వ రోజు

రాసింది నీలమ్మ. నాకు రాత అంత బాగా రాదు. దాలమ్మని దించిన తాడు తేలిగ్గా పైకొచ్చినాది. అప్పట్నుంచి రోజూ అరచెంబు పోస్తన్నాను. ఎనిమిది వరసల్లో నూటపది బతికినాయి. తొమ్మిదో వరస అంతా ఉన్నాది. నీళ్ళు సగం సగం తాగుతున్నాం. మట్టి పుల్లగా ఉన్నాది.

తొట్లో ఆకు ఈ ఉదయం ఆకుపచ్చకి తిరిగినాది. మా ఆయనకి సెప్పలేదు. ఆయనకది ముందునించే ఆకుపచ్చ.